పొద్దుటి ఎత్తు

మా తమ్ముడిది అంచు మీది ఎత్తు. యూనిఫాం ఉద్యోగానికి ఎంత కావాలో సరిగ్గా అంతే. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. దేవుడు కొలిచి పంపాడని అమ్మ మురిసిపోయేది. ఇంకో వేలెడు కలిపి పంపితే ఆయన సొమ్మేం పోయిందని నేననేదాన్ని. దేవుడితో పరాచికాలేమిటని అమ్మ నా నెత్తిన మొట్టేది.

చంపాపేట్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంట్లో ముందుగదికీ వంటగదికీ మధ్య నీలం రంగు వేసిన దర్వాజ ఉంది. వాడు దాని మీద టేపు పెట్టి కొలిచి, ఉద్యోగానికి కావలసిన ఎత్తు దగ్గర నా కాటుక పెన్సిల్‌తో గీత గీశాడు. అప్పుడే కొన్న పెన్సిల్. ఆ రోజు నేను తిట్టిన తిట్లు పక్క పోర్షన్ వాళ్ళందరూ విన్నారు. అయినా సిగ్గు లేదు వాడికి, గీత మాసినప్పుడల్లా నా పెన్సిల్ తీసుకుని దిద్దేవాడు. రోజూ సాయంత్రం గ్రౌండ్ నుంచి రాగానే, చెమట కూడా తుడుచుకోకుండా దర్వాజకు వీపు ఆనించి నిలబడేవాడు. నేను స్కేలు వాడి నడినెత్తిన అడ్డంగా పెట్టి చూడాలి.

"తాకిందా అక్కా?"

"తాకింది. గుండు కొట్టిస్తే తాకదు."

"నీ మాటలకేం గని, సక్కగ చూడవే."

చక్కగానే చూసేదాన్ని. ప్రతి సాయంత్రమూ తాకేది.

నాన్న పోయాక మేం ముగ్గురమే మిగిలాం. అమ్మ చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తాను. పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పడం, కొనవచ్చినవాళ్ళు ముక్కు విరిస్తే మళ్ళీ మడత పెట్టడం. తమ్ముడు అమ్మ హాస్టల్ వెనక సందులో స్టడీ హాల్లో చదివేవాడు. రాతపరీక్ష గట్టెక్కాడు. ఇక మిగిలినవి ఎత్తు కొలవడం, ఆ తర్వాత పరుగు. పరుగు గురించి మాకు దిగుల్లేదు, గ్రౌండ్‌లో వాణ్ణి పట్టుకునేవాడు లేడు. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే వాడి ఆఖరి అవకాశం. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు గానీ ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. తెల్లవారుజామున అమ్మ లేపితే వాడు నేరుగా లేవలేకపోయేవాడు. పక్కకు దొర్లి, మోచేయి ఊని, గోడ పట్టుకుని లేచేవాడు. బట్టలు ఉతికే రాయి దాకా నడవడానికి కూడా వంగి వంగి పోయేవాడు. గ్రౌండ్‌కు పోయి రెండు రౌండ్లు పరుగెత్తాడంటే మాత్రం నొప్పన్నదే ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది. "లేవమంటే ముసలోని లెక్క మూలుగుతవు, గ్రౌండ్ల మాత్రం జింక లెక్క ఉరుకుతవు. ఇదేం నొప్పిరా?" అని దెప్పేదాన్ని.

"పండుకుంటె పట్టుకుంటదే, ఉరికితె వదుల్తది," అనేవాడు వాడు.

"నొప్పి కూడ నీ లెక్కనే ఉల్టా," అనేదాన్ని. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

ఇంట్లో తెలిసిన వైద్యాలన్నీ చేశాం. నేను కాళ్ళు ముందు పెట్టి పుట్టానట. అలా పుట్టినవాళ్ళు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా ఊరి నమ్మకం. వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, అమ్మ చెప్పిన చోట నేను పాదం పెట్టి తొక్కేదాన్ని. "జర చిన్నగ తొక్కవే, దున్నపోతా," అని వాడు చాప కొరుక్కునేవాడు. అమ్మ ప్రార్థన చేసిన నూనె రాసేది. ఆదివారం చర్చిలో చాప మీద కూర్చుని వాక్యం విన్నాక, పాటకు అందరూ లేచి నిలబడితే వాడొక్కడు ఇంకా సగంలోనే ఉండేవాడు. వెనక వరసలో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు.

చివరికి మెయిన్ రోడ్డు మీద ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. పెద్దాయన, నిదానస్తుడు. నడుముకు ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించి, వెన్నుపూసలను వేలితో ఒక్కొక్కటే చూపించాడు. "ఎముకలన్ని మంచిగున్నయి. కండ పట్టింది. ఉరుకుడు బంద్ చేసి కొన్ని రోజులు రెస్టు తీస్కో తమ్మీ," అన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. దారిలో అమ్మ ఆ పెద్ద కవరును చంకలో పెట్టుకుని, ఎవరన్నా అడిగితే బాగుండునన్నట్టు నడిచింది. ఇంటికొచ్చాక ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. "నా కొడుకు ఎముకలు సున్నమేసినట్టున్నయి," అంది. తర్వాత దాన్ని మడత పడకుండా పరుపు కింద దాచింది.

చెప్పినట్టే వాడు పడుకున్నాడు. పడుకున్నకొద్దీ నొప్పి ముదిరింది. ఒక తెల్లవారుజామున తుమ్ము వస్తే కెవ్వుమన్నాడు. రెస్టు పూర్తి కాకుండానే చెప్పాపెట్టకుండా మళ్ళీ గ్రౌండ్‌కు పోయాడు, తేలిక పడ్డాడు. మాత్రలకే తగ్గిందని మేం అనుకున్నాం.

ఎత్తు కొలిచే రోజు దగ్గర పడింది. స్టడీ హాల్ కుర్రాళ్ళకు తెలిసిన కిటుకు ఒకటుంది. మనిషి పొద్దున లేచేసరికి కాస్త పొడుగ్గా ఉంటాడు, తిరిగేకొద్దీ వెన్ను అణిగి ఎత్తు తగ్గుతుంది. అందుకని అంచు ఎత్తు ఉన్నవాళ్ళు ముందురోజు నుంచే నేల మీద వెల్లకిలా పడుకుంటారు. కొలిచే చోటికి కూడా పడుకునే పోతారు, కొలబద్ద కిందికి వెళ్ళేదాకా కాళ్ళ మీద నిలబడరు. ఇది అబద్ధమేమీ కాదు, అలా గట్టెక్కినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. "సాయంత్రమే తాకేటోనివి, పొద్దుగాల వేలెడు పైకుంటవ్ పో," అని వాళ్ళు మావాడికి చెప్పారు. లెక్క సరిగ్గానే ఉంది కదా. మా ముగ్గురిలో ఎవరికీ పొద్దున వాణ్ణి దర్వాజ దగ్గర నిలబెట్టి చూడాలని తోచలేదు. సాయంత్రం తాకుతుంటే పొద్దున చూడడం ఎందుకు?

ముందురోజు సాయంత్రం నుంచే వాణ్ణి ఉత్త చాప మీద, దిండు కూడా లేకుండా పడుకోబెట్టాం. అమ్మ పక్కన కూర్చుని అన్నం కలిపి నోట్లో పెట్టింది. పక్క వీధిలో కూరగాయల ట్రాలీ ఆటో ఆయనకు ముందే చెప్పి పెట్టాను. తెల్లవారకముందే ఆయన వచ్చి, వెనక బొంత పరిచి, "పెండ్లికొడుకును గిట్ల తీస్కపోతరా ఎక్కడన్న," అని నవ్వాడు. వాణ్ణి దుప్పటితో సహా లేపి అందులో పడుకోబెట్టాం. నేనూ అమ్మా చెరో పక్క కూర్చున్నాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సిగ్నల్ పడితే, విజయవాడ బస్సుల కోసం నిలబడ్డవాళ్ళంతా మమ్మల్నే చూశారు. ఒకావిడ పాపం అని నాలుక చప్పరించింది. నాకు నవ్వాగలేదు. వాడు వెల్లకిలా పడుకుని పైన మెట్రో దారిని చూస్తూ, "అక్కా, దీన్ని కిందికెల్లి గిట్ల ఎన్నడు చూడలేదే," అన్నాడు. ఆ రోజు వాడు సంతోషంగా అన్న ఆఖరి మాట అదే.

గ్రౌండ్ గేటు దగ్గర వాడు దిగలేకపోయాడు. పక్కకు దొర్లి, ట్రాలీ అంచు పట్టుకుని, నా భుజం మీద బరువంతా వేసి దిగాడు. దిగి అలాగే ఉండిపోయాడు, ముందుకు వంగి.

"నిటారుగ నిలబడురా," అన్నాను.

"నిలబడ్డనే."

నిలబడ్డాననే అనుకుంటున్నాడు.

వాడికి ఏం చేయాలో తెలుసు. "అమ్మా, గీ గోడ పొంటి రెండు రౌండ్లు ఉరికొస్తనే. వదుల్తది," అన్నాడు.

అమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుంది. "ఉరికితె ఎత్తు దిగిపోతది బిడ్డా. రాత్రంత పండుకున్నదంత ఖరాబైతది. వద్దు నాయినా, గిట్లనే పో," అని బతిమాలింది. వాడు అమ్మ ముఖం చూశాడు. అలాగే, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ లోపలికి పోయాడు.

ఇంటివాళ్ళను లోపలికి రానివ్వరు. మేం గేటు బయట, చెప్పులమ్ముకునే బండి పక్కన నిలబడ్డాం. అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి, ప్రార్థన. వాడు తొందరగానే తిరిగొచ్చాడు. పరుగు దాకా పోయినవాడు అంత తొందరగా రాడని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు.

"రెండుసార్లు కొలిచిన్రక్కా," అన్నాడు. "అడిగితె మల్ల కొలిచిన్రు. ఆ సారు మంచోడు. నా గడ్డం పట్టుకొని తల సక్కగ పెట్టిండు. ఇంకొంచెం లేవు తమ్మీ, ఇంకొంచెం, అన్నడు. నాకు రాలేదే."

లోపల ఈల వినిపించింది. ఆ తర్వాత చాలా కాళ్ళు ఒక్కసారి పరుగెత్తిన చప్పుడు. మావాడు గేటు వైపు తిరిగి, ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు. ఇప్పటికీ, దుకాణంలో చీర విప్పుతుంటే ఒక్కోసారి ఆ చప్పుడు గుర్తొస్తుంది, ఏం రంగు అడిగారో మర్చిపోతాను.

ట్రాలీ ఆయన వెళ్ళిపోయాడు. ఎండలో చాలా దూరం నడిచి, తర్వాత షేర్ ఆటో ఎక్కి, మళ్ళీ సందులన్నీ నడిచి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. తాళం తీసి లోపలికి పోయాం. వాడు చెప్పులు విడిచి, ఎప్పటిలాగే దర్వాజ దగ్గరికి పోయి వీపు ఆనించి నిలబడ్డాడు. నన్ను పిలవలేదు. తన అరచేయే నెత్తి మీద పెట్టి, తిరిగి చూసుకున్నాడు.

అరచేయి గీత మీద ఉంది. పరుగు దాకా ఎందుకు, ఆ నడకే చాలింది వాడికి.

అమ్మకు అర్థం కాలేదు. "గిట్ల మంచిగనే ఉన్నవ్ గద కొడకా, అక్కడెందుకు వంగినవ్?" అని అడిగింది. వాడు స్నానానికి పోతున్నానని చెప్పి తలుపు వేసుకున్నాడు. నల్లా నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

తర్వాత కొన్ని వారాలకు వాడి కన్ను ఎర్రబడింది. మాకు కనపడకుండా ఏడుస్తున్నాడనుకున్నాం, అడిగితే పరువు పోయినట్టు బాధపడతాడని ఊరుకున్నాం. ఒక్క కన్నుతో ఎవడైనా ఏడుస్తాడా? మా బుద్ధికి ఏం తెగులో. వెలుతురు పడడం లేదని వాడు చీకటి గదిలో కూర్చోవడం మొదలుపెట్టాక గానీ కంటి దవాఖానకు పోలేదు. కంటి డాక్టరు దీపం వేసి చూసి, మందు రాస్తూ, తలెత్తకుండానే అడిగాడు: "పొద్దున లేస్తే నడుము పట్టేస్తదా నీకు?"

తమ్ముడు నా వైపు చూశాడు. కన్ను చూపించుకోవడానికి వస్తే నడుము సంగతి ఈయనకెలా తెలిసిందని.

ఆయన పంపితే కీళ్ళజబ్బుల డాక్టరు దగ్గరికి పోయాం. కోస్తా వైపు ఆవిడ, మాట మెత్తన. "బాబూ, ఆ నొప్పి పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా?" అని అడిగారు. వాడు ఇంట్లో నవ్వులపాలైన మాటే మళ్ళీ చెప్పాడు. "పండుకుంటె పట్టుకుంటది మేడం, ఉరికితె వదుల్తది." ఆవిడ నవ్వలేదు. తల ఊపి, తుంటికి ఎక్స్‌రే రాశారు, రక్తపరీక్షలు రాశారు. పాత ఫిల్ములు ఉంటే తీసుకురమ్మన్నారు. అమ్మ ఇంటికి పోయి పరుపు కింది కవరు తెచ్చింది. తన కొడుకు ఎముకలు ఎంత బాగున్నాయో ఈవిడ కూడా చూడాలని అమ్మకు ఉందని నాకు తెలుసు.

కొత్త ఫిల్ము వెలుగు పెట్టె మీద పెట్టారు. వెన్నెముక అడుగున, రెండు వైపులా, అది తుంటి ఎముకతో కలిసే చోట ఒక కీలు ఉంటుందట. ఆరోగ్యంగా ఉంటే అక్కడ సన్నని నల్లగీత కనపడాలి, అంచులు నున్నగా ఉండాలి. మావాడికి ఆ గీత ఒక చోట ఉంది, ఇంకో చోట తెల్లగా పూడిపోయింది. అంచులు పురుగు కొట్టిన చీర అంచులా ఉన్నాయి. పొద్దస్తమానం చీరలు విప్పేదాన్ని, నాకు ఆ అంచు చూపించనక్కర్లేదు.

"ఇది కండ పట్టడం కాదమ్మా. కీలు లోపల వాపు, మన ఒళ్ళే మన కీలును తినడం. యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ అంటారు. కుర్రవాళ్ళకే ఎక్కువ వస్తుంది," అన్నారు ఆవిడ. ఎక్స్‌రే ఒక్కదానితోనే తేల్చరట. ఆ కన్ను, ఆ పొద్దుటి బిగువు, రక్తపరీక్ష, ఈ ఫిల్ము, అన్నీ ఒకే మాట చెబుతున్నాయన్నారు. వెన్ను ఇంకా అతుక్కుపోలేదు, మందులున్నాయి, వ్యాయామం మానకూడదు అన్నారు. తర్వాత పాత ఫిల్ము తీసి పక్కన పెట్టారు. పూసల దగ్గర ఆగలేదు. కళ్ళజోడు సర్దుకుని కింది అంచుకు వంగారు.

"ఇక్కడా ఉంది," అన్నారు మెల్లగా. "సగమే పడింది గానీ, ఉంది."

మేం ముగ్గురం వంగి చూశాం. ఫిల్ము అడుగున, ఎవరూ చూడని మూల, అదే కొరికిన అంచు. అమ్మ కిటికీకి ఎత్తిపట్టి మురిసిన ఫిల్ములోనే, మా పరుపు కిందే ఉంది.

"ఆయన్ని అనడానికి లేదండీ. నడుము నొప్పి అంటే పూసలే చూస్తాం. పూసలు బాగానే ఉన్నాయి. మొదట్లో ఇది పట్టుకోవడం ఎవరికైనా కష్టమే," అన్నారావిడ. ఆవిడ మాట న్యాయమే. నాకు మాత్రం న్యాయం అక్కర్లేకపోయింది. నాకు కోపం కావాలి, ఎవరి మీదనైనా సరే, పట్టుకుని అరవడానికి ఒక మనిషి కావాలి. అక్కడ ఎవరూ దొరకలేదు.

అప్పుడు అమ్మ అడిగింది. నేను ఆపబోయాను, ఆగలేదు.

"మేడం, ఎత్తు కొలిచే దినం వాన్ని రాత్రంత నేల మీద పండుకోబెట్టినం. ఉరికొస్త అంటె నేనే వద్దన్న. దానికేమన్న అయిందా?"

డాక్టరు మా ముఖాలు చూశారు. జవాబు చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టున్నారు. ఆవిడ నోరు తెరిచేలోపల మా తమ్ముడే అన్నాడు.

"అదేం లేదమ్మా. నా ఎత్తే తక్కువ. సాయంత్రం అక్క అబద్ధం చెప్పేది, నేను బాధపడ్తనని. అడుగు దాన్ని."

అమ్మ నా వైపు తిరిగింది. వాడు నన్ను చూస్తున్నాడు. "అవునమ్మా," అన్నాను. జీవితంలో ఎన్నో అబద్ధాలాడాను, వెలిసిపోయే రంగుకు గ్యారంటీ ఇచ్చాను. ఆ ఒక్క అబద్ధం మాత్రం వెలుగు పెట్టె మీది ఫిల్మును చూస్తూ చెప్పాను. అమ్మ నమ్మిందో, నమ్మినట్టు ఉందో ఇప్పటికీ నాకు తెలియదు.

చుట్టాలు ఓదార్చడానికి వచ్చి, ఎట్లాగూ మెడికల్లో తీసేసేటోళ్ళే గదా అన్నారు. అక్కడి దాకా పోయి తీసేయించుకుంటే వేరు. వాడు ఒక్కసారి ఆ ఈల విని పరుగెత్తి ఉంటే చాలు నాకు. ఆ మాట వాళ్ళకు చెప్పినా అర్థం కాదు, చాయ్ పోసి పంపించాను.

మందులు మొదలయ్యాయి, ఆ తర్వాత సూదులు. వాడు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్ల దుకాణంలో చేస్తున్నాడు. పొద్దున్నే పరుగుకు పోతాడు, డాక్టరే పొమ్మన్నారు. నేను తొక్కడం మానేశాను. గోడ పట్టుకోవడం తగ్గింది, తర్వాత తుమ్మితే ముఖం చిట్లించడం పోయింది. మాకు తెలియకుండానే ఒక్కొక్కటీ పోయాయి.

ఈమధ్య ఒక పొద్దున నేను వంటగదిలో చాయ్ పెడుతున్నాను. వాడు అప్పుడే లేచి, దుప్పటి కూడా మడవకుండా నేరుగా వచ్చి దర్వాజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ గీత దగ్గర వాడు నిలబడక చాలా కాలమైంది. కాటుక వెలిసిపోయినా ఇంకా కనపడుతూనే ఉంది.

"అక్కా, జర చూడవే."

స్కేలు ఎక్కడుందో తెలియలేదు. నా అరచేయే వాడి నెత్తిన అడ్డంగా పెట్టాను. వాడి జుట్టు ఇంకా నిద్ర వేడితో ఉంది.

గీత నా చేతి కింద ఉంది.

"తాకిందా?"

"తాకింది," అన్నాను. "పైకే ఉన్నవ్."

"పొద్దుగాల," అన్నాడు వాడు. ఒక్క మాటే. తర్వాత పక్కకు జరిగి, "ఇగ తుడిచెయ్యే. ఇల్లుగలాయన చూస్తె లొల్లి చేస్తడు," అని బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

తడిగుడ్డ తెచ్చాను. గీత ముందు నిలబడ్డాను గానీ నా చెయ్యి లేవలేదు. చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. అమ్మ లోపలి నుంచి వచ్చి స్టవ్ ఆపి, నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది. పీట వేసుకుని ఎక్కి, గీతను రుద్ది రుద్ది తుడిచింది.

"సాయంత్రం ఎన్నడన్న అబద్ధం చెప్పినవానే?" అని అడిగింది, నా వైపు తిరగకుండా.

నేను చాయ్ గిన్నె పక్కకు దించాను. అమ్మ పీట మీద నిలబడి, ఏ మరకా లేని చోట ఇంకా తుడుస్తూనే ఉంది.